వాక్యపఠనమునకు తోడు నిలుచు స్నేహము

1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, తిరునల్వేలి సీమనుండి వచ్చి తెలుగునాట దోర్నకల్లున సేవ సలుపుచుండిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, పాశ్చాత్య మిషనరీల త్యాగమును కొనియాడుచునే, భారతీయులకు వారినుండి కావలసినది స్నేహమని నిర్భయముగా విన్నవించెను. 1912లో ఆంగ్లికన్ సంఘమునకు ప్రథమ భారతీయ బిషప్పుగా అభిషిక్తుడైన పిమ్మట, అక్షరజ్ఞానము లేని గ్రామీణులకు సైతము వాక్యము పాటలుగా, కథలుగా అందునట్లు ఉపదేశకులను తీర్చిదిద్ది పల్లెలకు పంపెను.

అట్టి స్నేహము తోడు లేక, ఆదివారపు ప్రసంగశ్రవణముతోడనే విశ్వాసము పరిపక్వమగునని తలచుట పొరపాటని నా దృఢాభిప్రాయము. లేఖనములందు ప్రవీణుడైన అపొల్లో ఎఫెసు సమాజమందిరమున బోధించుచుండగా, అతని జ్ఞానమునందలి కొరతను గుర్తించిన అకుల, ప్రిస్కిల్ల దంపతులు సభలో ఖండింపక, అతనిని చేర్చుకొని దేవుని మార్గమును మరింత పూర్తిగా విశదపరచిరి. గుడారములు కుట్టి జీవించిన ఆ గృహస్థుల ఆదరణమే, వాగ్ధాటి గల ఆ పండితునికి గురుత్వమయ్యెను.

నేడు మన ఊళ్ల ప్రార్థనకూటములలో పాటకు, సాక్ష్యమునకు తావున్నంతగా యువజనుల సందేహమునకు తావు లేకుండుట నన్ను మిక్కిలి బాధించుచున్నది. సంఘపెద్ద ప్రతి ఒక్కరును ఒకరిద్దరు యువజనులతో కూర్చుండి, 16 అధ్యాయముల మార్కు సువార్తను వారమున కొక అధ్యాయము చొప్పున చదివి, తాను మాటలాడుటకు ముందు వారి ప్రశ్నలను ఆలకింపవలెను.