జర్మనీ హోటల్ ఉద్యోగానికి బి1 ధ్రువపత్రం ఒక్కటే చాలదు

నైపుణ్యం గల భారతీయులకు ఏటా ఇచ్చే వీసాల పరిమితిని 20,000 నుంచి 90,000కు పెంచుతున్నట్లు జర్మనీ 2024 అక్టోబరులో ప్రకటించింది. నర్సింగ్, ఐటీ రంగాల గురించి జరిగినంత చర్చ హోటళ్లు, రెస్టారెంట్ల గురించి జరగలేదు. కరోనా కాలంలో ఆతిథ్య రంగాన్ని వదిలిన సిబ్బందిలో చాలామంది అక్కడ తిరిగి రాలేదు. ఆ ఖాళీల వైపు చూస్తున్న భారతీయ యువతకు ప్రధానంగా కనిపించే దారి ‘ఔస్‌బిల్డుంగ్’. కొన్ని రోజులు హోటల్లో పని, కొన్ని రోజులు వృత్తి పాఠశాలలో చదువు. హోటల్ నిర్వహణకైనా, వంటకైనా సాధారణంగా మూడేళ్లు పడుతుంది. పాఠాలూ తుది పరీక్షా జర్మన్ భాషలోనే.

దీని వీసాకు సాధారణంగా బి1 స్థాయి జర్మన్ అడుగుతారు. గోథె సంస్థ నిర్వహించే బి1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు విభాగాలుంటాయి. ఒక్కోదానిలో 100కు 60 మార్కులు రావాలి. ఇది తేలిక పరీక్షేమీ కాదు. అయితే రద్దీగా ఉన్న రెస్టారెంట్లో వినిపించే జర్మన్‌ను అది పూర్తిగా పరీక్షించలేదు.

అంకెల సంగతే చూడవచ్చు. జర్మన్‌లో 24ను ‘నాలుగూ ఇరవై’ అనే క్రమంలో పలుకుతారు. విన్న వరసలోనే రాసుకుంటే గది నంబరు 42 అవుతుంది. ‘హాల్ప్ ఆఖ్ట్’కు మాటకు మాట అర్థం ‘సగం ఎనిమిది’. అంటే ఏడున్నర, ఎనిమిదిన్నర కాదు. బల్ల రిజర్వు చేసుకున్న అతిథి గంట ముందే వచ్చి నిలబడితే తప్పు ఎవరిదో చెప్పనక్కర్లేదు. బిల్లు దగ్గర ‘అందరిదీ కలిపా, విడివిడిగానా’ అని అడగడం అక్కడ మామూలు. నలుగురు విడివిడిగా చెల్లిస్తామంటే ఎవరేం తిన్నారో విని, అప్పటికప్పుడు లెక్క కట్టాలి. నోటు ఇస్తూ అతిథి ‘డాంకె’ అన్నారంటే మిగతా చిల్లర ఉంచుకోమని చెప్పడం కావచ్చు.

వీటికంటే బరువైనది అలర్జీల విషయం. ఆహారంలో 14 రకాల అలర్జీ కారకాల సమాచారం అతిథికి అందుబాటులో ఉండాలన్న ఐరోపా సమాఖ్య నిబంధన 2014 డిసెంబరు నుంచి అమలులో ఉంది. పల్లీలు, నువ్వులే కాక ఆవాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పోపుతో పెరిగిన తెలుగువారికి ఆవాలు ప్రమాదమన్న ఆలోచనే రాదు. ‘జెన్ఫ్’ అన్న మాట అర్థం కాకుండా తల ఊపితే ఒకరి ప్రాణం మీదకు రావచ్చు.

తెలుగు నేపథ్యం కొన్నిచోట్ల కలిసొస్తుంది. అతిథితో ‘జీ’, వంటగదిలో తోటివారితో తరచూ ‘డూ’ అనే తేడా ‘మీరు, నువ్వు’ తెలిసినవారికి కొత్త కాదు. ఉపవాక్యంలో క్రియ చివరకు వెళ్లడమూ అంతే. ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం ద్వారా జర్మన్ నేర్పే తరగతుల్లో ఈ సౌలభ్యం చేజారుతోంది. ఇక మ్యూనిక్‌లో ‘జెమెల్’ అనే చిన్న రొట్టెను బెర్లిన్‌లో ‘ష్రిపె’ అంటారు. అలాంటివి అక్కడికి వెళ్లాకే పట్టుబడతాయి.

భాష చాలకపోతే నష్టం అవమానంతో ఆగదు. శిక్షణ ఒప్పందంలో ఒకటి నుంచి నాలుగు నెలల ప్రొబేషన్ ఉంటుంది. ఆ కాలంలో కారణం చెప్పకుండా, గడువు ఇవ్వకుండా ఒప్పందాన్ని ముగించే హక్కు ఇరుపక్షాలకూ ఉంది. నివాస అనుమతి ఆ శిక్షణకే ముడిపడి ఉంటుంది. తమ తప్పు లేకుండా శిక్షణ ఆగినవారికి మరో చోటు వెతుక్కునేందుకు ఆరు నెలల వరకు వ్యవధి దొరుకుతుంది. పైగా అక్కడి చట్టబద్ధ కనీస వేతనం శిక్షణార్థులకు వర్తించదు, వారి భత్యం వేరు. అప్పు చేసి పంపే కుటుంబాలు లెక్క వేసుకోవలసింది ఈ మొత్తం మీదే.

తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పిస్తోంది. ఇక్కడి హోటల్ మేనేజ్‌మెంట్ కోర్సుల్లో వంటకాల పేర్ల కోసం కొంత ఫ్రెంచ్ చెప్పడం పాత అలవాటు. అదే తరగతి గదిలో ఒక జర్మన్ మెనూ, ఒక బిల్లు, అలర్జీల పట్టిక ముందు పెట్టుకుని కొన్ని వారాలు సాధన చేయించడానికి పెద్ద ఖర్చు కాదు. బి1 పరీక్ష అయ్యాక వీసా కోసం ఎదురుచూసే కాలం అందుకు అనువైనది. ప్రస్తుతం చాలామంది నేర్చుకున్నది మరచిపోయేది కూడా ఆ విరామంలోనే.