చట్టం – సంసారం : అద్దె ఇంట వేన్నీళ్ళు

బదిలీ ఉత్తర్వు చేతికి అందిన ఉద్యోగి మొట్టమొదట విచారించేది పిల్లల బడిని గురించి. ఆ తరువాత అద్దె ఇంటిని గురించి. కోస్తా జిల్లాలలో పుట్టి పెరిగిన మనవారు ఇల్లు చూచేటప్పుడు గాలి, వెలుతురు, మంచినీళ్ళు – ఈ మూడింటిని శ్రద్ధగా పరిశీలిస్తారు. వేన్నీళ్ళ ఊసు తలపునకు రాదు. విశాఖపట్నంలో సంక్రాంతి నాడు సైతం చన్నీళ్ళతో స్నానం ముగించగల వ్యక్తికి అది ఒక సమస్యగా తోచకపోవడం సహజమే. జనవరి మాసంలో ఢిల్లీ నగరపు సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత ఏడు డిగ్రీల చేరువలో ఉంటుంది. అక్కడ పైకప్పు మీది తొట్టెలో రాత్రంతా నిలిచిన నీటిని తెల్లవారుజామున పసిబిడ్డ మీదనో, డెబ్బది ఏండ్లు పైబడిన తల్లి మీదనో పోయడం ఎవరికీ సాధ్యం కాదు. అటువంటి ఇంట డిసెంబరు నెలలో గీజరు మూలపడి, ఇంటి యజమాని ‘చూద్దాంలెండి’ అంటూ రోజులు గడుపుతూ ఉంటే, అద్దెకున్నవారికి చట్టం ఏ మేరకు అండగా నిలుస్తుంది? ఈ మాసం ఆ విషయాన్ని పరిశీలిద్దాం.

నీరు వేరు, వేన్నీరు వేరు

కొన్ని దేశాలలో వేన్నీళ్ళు అద్దె ఇంటికి విధిగా ఉండవలసిన సౌకర్యం. ఇంగ్లండులో 1985వ సంవత్సరపు యజమాని–అద్దెదారు చట్టం 11వ సెక్షను ప్రకారం, స్వల్పకాలిక అద్దెలలో, నీటిని వేడిచేసే ఉపకరణాన్ని మరమ్మతు చేయించి పనిచేసే స్థితిలో ఉంచవలసిన బాధ్యత యజమానిదే. న్యూయార్కు నగరంలో సంవత్సరం పొడవునా కనీసం 120 డిగ్రీల ఫారెన్‌హీట్, అనగా సుమారు 49 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల నీరు అద్దె ఇండ్లకు అందవలెనని నియమం. కాలిఫోర్నియా పౌరస్మృతి కూడా నివాసయోగ్యమైన ఇంటికి చన్నీటి ధారతో పాటు వేన్నీటి ధారను లక్షణంగా చెప్పింది. ఆయా ప్రాంతాలలో నివసించే మన పిల్లలు ఈ హక్కును ప్రస్తావించినప్పుడు, మన దేశంలోనూ ఇదే నియమం ఉన్నదని కొందరు పొరపడుతుంటారు.

మన చట్టాలు ‘నీరు’ అన్నాయే గాని, సాధారణంగా ‘వేన్నీరు’ అనలేదు. కనుక గీజరు లేని ఇంటిని, లేదని తెలిసియే అద్దెకు తీసుకొన్నవారు, దానిని అమర్చవలసినదిగా యజమానిని చట్టరీత్యా నిర్బంధించలేరు. ఒప్పందంలో గీజరును పేర్కొన్నప్పుడు, లేక ఇల్లు అప్పగించిన నాడు అది అమర్చి ఉన్నప్పుడు మాత్రం పరిస్థితి మారుతుంది.

1882 చట్టం చెప్పినది

అద్దె సంబంధాలకు దేశమంతటా మూలాధారం 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టం. అందులోని 108వ సెక్షను యజమానికి, అద్దెదారుకు గల హక్కులను, బాధ్యతలను వివరిస్తుంది. ఆ సెక్షనులోని ‘ఎఫ్’ ఖండం ప్రకారం, తాను చేయించవలసిన మరమ్మతును యజమాని తెలియజేసిన తరువాత కూడా సముచిత కాలంలో చేయించకపోతే, అద్దెదారు దానిని స్వయంగా చేయించుకొని, ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చును.

ఇందులో ‘తాను చేయించవలసిన’ అనే మాట కీలకమైనది. ఏ మరమ్మతు యజమాని వంతో ఈ ఖండం చెప్పదు. దానిని ఒప్పందమో స్థానిక ఆచారమో నిర్ణయించవలసి ఉంటుంది. మరమ్మతులను గురించి ఒక్క వాక్యమైనా లేని ఒప్పందం మీద సంతకం చేసినవారు ఈ ఖండం ఇచ్చే అండను తామే బలహీనపరచుకొన్నవారవుతారు.

ఇదే సెక్షనులోని ‘హెచ్’ ఖండం మరొక ఉపకారం చేస్తుంది. అద్దెదారు తాను అమర్చుకొన్న వస్తువులను, ఇల్లు ఇంకా తన స్వాధీనంలో ఉండగానే తీసుకొనిపోవచ్చును. అయితే ఇంటిని తాను తీసుకొన్న నాటి స్థితిలోనే అప్పగించవలెను. మీ సొంత గీజరును బిగించుకొన్నట్లయితే, ఖాళీ చేసేటప్పుడు విప్పుకొని, గోడ రంధ్రాలు పూడ్చి వెళ్ళవచ్చునని దీని భావం. తాళపుచెవులు ఇచ్చివేసిన తరువాత వచ్చి అడిగితే ఈ హక్కు నిలువదు.

అద్దె నియంత్రణ చట్టాలు

ఢిల్లీలో 1958వ సంవత్సరపు అద్దె నియంత్రణ చట్టం అద్దెదారుకు మరికొంత బలం ఇచ్చింది. దాని 44వ సెక్షను ఇంటిని నివాసయోగ్యంగా ఉంచవలసిన బాధ్యతను యజమానిపై మోపింది. లిఖితపూర్వకంగా తెలిపినా సముచిత కాలంలో మరమ్మతు చేయించకపోతే, అద్దెదారు చేయించుకొని, సంవత్సరపు అద్దెలో పన్నెండవ వంతుకు మించకుండా మినహాయించుకోవచ్చును. నెలకు 3,000 రూపాయల అద్దె చెల్లించే వ్యక్తి సంవత్సరానికి 3,000 రూపాయల వరకు మినహాయించుకొనగలడన్న మాట.

45వ సెక్షను ప్రకారం, అద్దెదారు అనుభవిస్తున్న అత్యవసర సరఫరాను గాని సేవను గాని యజమాని న్యాయమైన కారణం లేకుండా నిలిపివేయరాదు. నీరు, విద్యుత్తు, మెట్ల దారిలోని దీపాలు, పారిశుద్ధ్య సేవలు ఈ నిర్వచనంలో చేరినవి. నిలిపివేసిన సరఫరాను వెంటనే పునరుద్ధరించవలసినదిగా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం కంట్రోలరుకు ఉన్నది. మహారాష్ట్రలో 1999వ సంవత్సరపు చట్టం 29వ సెక్షను ఇటువంటి రక్షణనే కల్పిస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. 1988లో జరిగిన సవరణ ఫలితంగా, నెలసరి అద్దె 3,500 రూపాయలకు మించిన ఇండ్లకు ఢిల్లీ చట్టం వర్తించదు. నేటి అద్దెలలో అధిక భాగం ఆ హద్దును ఎన్నడో దాటిపోయినవి. అటువంటివారు ఆస్తి బదిలీ చట్టాన్ని, తమ ఒప్పందాన్ని ఆధారం చేసుకొని సివిలు న్యాయస్థానంలో నిషేధపుటుత్తర్వు కోరవలసి ఉంటుంది.

విద్యుత్తు విషయంలో 2022లో సర్వోన్నత న్యాయస్థానం చెప్పిన మాట ప్రతి అద్దెదారు గుర్తుంచుకోదగినది. విద్యుత్తు ప్రాథమిక సౌకర్యమనీ, యజమాని అభ్యంతరం లేదని పత్రం ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు దానిని నిరాకరించరాదనీ ఆ తీర్పు స్పష్టం చేసింది. దరఖాస్తుదారు ఆ ఇంటిలో నివసిస్తున్నాడా లేదా అన్నదే విద్యుత్ సంస్థ చూడవలసినది.

2021 ఆదర్శ చట్టంలో గీజరు

2021 జూన్ 2వ తేదీన కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఆదర్శ అద్దె చట్టం మరమ్మతులను రెండు జాబితాలుగా విభజించింది. ఇది నమూనా మాత్రమే. ఏ రాష్ట్రమైనా దీనిని అనుసరించి శాసనం చేసుకొన్నప్పుడే అక్కడ అమలులోనికి వస్తుంది.

ఆ జాబితాల ప్రకారం కట్టడపు మరమ్మతులు, అవసరమైనప్పుడు నీటి గొట్టాల మార్పు, విద్యుత్ తీగల పని యజమాని వంతు. కుళాయిలు, స్విచ్చులు, సాకెట్లు అద్దెదారు వంతు. ఆశ్చర్యంగా తోచినా, గీజరు మరమ్మతు కూడ పేరు పెట్టి మరీ అద్దెదారు జాబితాలోనే చేర్చబడినది! ఒప్పందంలో వేరుగా వ్రాసుకొనే వీలు మాత్రం ఉన్నది. యజమాని తన వంతు మరమ్మతు చేయించకపోతే, అద్దెదారు చేయించుకొని, ఏ నెలలోనూ అద్దెలో సగానికి మించకుండా మినహాయించుకోవచ్చును. మరమ్మతు లేనిదే నివసించరాని ఇంటిని, యజమాని నిరాకరించిన పక్షంలో, పదిహేను రోజుల నోటీసుతో విడిచి వెళ్ళవచ్చును.

లోపం ఎక్కడ ఉన్నది?

కనుక ‘వేన్నీళ్ళు రావడం లేదు’ అన్న ఒక్క ఫిర్యాదుకు చట్టంలో ఒక్క సమాధానం లేదు. కారణాన్ని బట్టి బాధ్యత మారుతుంది. గీజరులోని కాయిల్ కాలిపోతే ఒక తీరు. ఉప్పునీటి వలన గొట్టంలో పాచు కట్టి నీరు రాకపోతే మరొక తీరు. గోడలోపలి తీగలు చెడిపోతే వేరొక తీరు. అద్దె పెంపునకు ఒప్పుకోలేదన్న కోపంతో యజమాని మీటరు దగ్గర ఫ్యూజు తీసివేస్తే, అది మరమ్మతు తగవు కానే కాదు. అత్యవసర సేవను నిలిపివేయడమే. ముందుగా ఎలక్ట్రీషియనును పిలిపించి, లోపం ఏమిటో చీటీ మీద వ్రాయించుకోవడం ఎంతో మేలు. ఆ చిన్న కాగితమే తరువాత పెద్ద సాక్ష్యం కాగలదు.

ఇక్కడ మన వంతు జాగ్రత్త కూడా ఉన్నది. 2,000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్ల విద్యుత్తును లాగుతుంది. దానిని 6 ఆంపియర్ల సాకెట్టుకు తగిలించి, సాకెట్టు కరిగిపోయిన తరువాత యజమానిని నిందించడం న్యాయం కాదు. 16 ఆంపియర్ల సాకెట్టు, సరియైన ఎర్తింగు ఉన్నవో లేవో ఇంటిలో చేరే నాడే చూసుకోవలెను. పదిహేను లీటర్ల నీటిని 15 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు వేడిచేయడానికి ఇంచుమించు 0.8 యూనిట్ విద్యుత్తు, ఇరవై అయిదు నిమిషాల సమయం చాలును. ఆ తరువాత స్విచ్చి ఆపివేయడం పొదుపు, క్షేమం కూడా.

గీజరు చెడిన నాడు చాలామంది చేసే ప్రత్యామ్నాయ ఏర్పాట్లు ప్రాణాపాయానికి దారితీస్తాయి. బకెట్టులో ఇమ్మర్షన్ రాడ్ ఉంచి, స్విచ్చి ఆపకుండా నీటిలో చేయి పెట్టరాదు. గాలి చొరని స్నానాల గదిలో గ్యాస్ గీజరు వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. స్నానం చేస్తున్న వ్యక్తి తెలియకుండానే స్పృహ కోల్పోతాడు. యజమానితో వాదం తేలేవరకు వంటింటి పొయ్యి మీద కాచిన నీళ్ళే క్షేమకరం.

సంస్థ ఇల్లు, సంస్థ లీజు

మన పాఠకులలో అనేకులు సంస్థ క్వార్టర్లలో ఉన్నవారు. ఉద్యోగ నిబంధనలలో భాగంగా సంస్థ ఇచ్చే సొంత ఇండ్లకు ఆదర్శ అద్దె చట్టం వర్తించదు. అక్కడ ఫిర్యాదు టౌన్‌షిప్ పరిపాలనా విభాగానికే చేయవలెను. సంస్థ ప్రైవేటు ఇంటిని లీజుకు తీసుకొని ఉద్యోగికి కేటాయించిన సందర్భంలో అద్దెదారు సంస్థయే గాని ఉద్యోగి కాడు. కనుక ఉద్యోగి తానుగా అద్దెలో మినహాయింపు ప్రకటించరాదు. లీజు వ్యవహారాలు చూచే అధికారికి వ్రాతపూర్వకంగా తెలిపి, యజమానికి సంస్థ ద్వారా నోటీసు వెళ్ళేటట్లు చూడవలెను.

ఆచరణలో

ఇంటిలో చేరే నాడు గీజరు, మోటారు, పంకాలు మొదలైన వస్తువుల జాబితా వ్రాసి ఇరువురూ సంతకాలు చేయవలెను. ఛాయాచిత్రాలు తీసి ఉంచుకోవలెను. ‘గీజరును పనిచేసే స్థితిలో ఉంచుట, అవసరమైనచో మార్చుట యజమాని బాధ్యత’ అన్న ఒక్క పంక్తి ఒప్పందంలో చేర్చితే సగం వివాదం పుట్టకుండానే పోతుంది.

లోపం తలెత్తిన వెంటనే ముందుగా మర్యాదగా మాట ద్వారా తెలపండి. ఫలితం లేకపోతే, లోపాన్ని, తేదీని, కోరుతున్న గడువును పేర్కొంటూ లేఖ వ్రాసి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు భద్రపరచండి. మరమ్మతు మీరే చేయించినట్లయితే బిల్లులు అసలువే ఉంచుకొని, నకళ్ళను యజమానికి పంపండి.

ఎట్టి పరిస్థితులలోను అద్దెను పూర్తిగా ఆపివేయకండి. అద్దె బకాయి ఇల్లు ఖాళీ చేయించడానికి బలమైన కారణం. న్యాయం మీ వైపు ఉన్న తగవును అది తలక్రిందులు చేస్తుంది. చట్టం అనుమతించిన మేరకు, లెక్క చూపి, మిగిలిన మొత్తాన్ని గడువులోగా చెల్లించడమే రాజమార్గం.

యజమానులందరూ కఠినాత్ములు కారు. పదవీ విరమణ చేసి, ఆ అద్దె మీదనే ఆధారపడి జీవించే వృద్ధ దంపతులు ఎందరో ఉన్నారు. వారికి పాత గీజరు స్థానంలో క్రొత్తది కొనడం భారమే కావచ్చును. ఖర్చును చెరిసగం పంచుకోవడమో, రెండు మూడు నెలల అద్దెలో సర్దుకోవడమో ఇరువురికీ గౌరవప్రదమైన పరిష్కారం. అయితే అది కూడా కాగితం మీద ఉండవలెను. నేడు మాట ఇచ్చిన పెద్దమనిషి రేపు ఇల్లు అమ్మివేయవచ్చును. మీకు మరొక బదిలీ ఉత్తర్వు రావచ్చును. మాట మరచిపోయే వీలున్నది, సంతకానికి ఆ వీలు లేదు.

ఉత్తరాదికి బదిలీ అయిన మిత్రులు ఈ చలికాలం రాకముందే తమ ఒప్పందాన్ని ఒకసారి బయటకు తీసి చదువుకొందురు గాక. గీజరు అన్న మాట అందులో లేనట్లయితే, చేర్పించుకొనడానికి ఆశ్వయుజ కార్తికాలే అనువైన కాలం. పుష్యం వచ్చిన తరువాత బేరమాడే ఓపిక ఎవరికీ ఉండదు.