రెండో పుస్తకం

వికారాబాద్ దగ్గరి నవాబుపేట వైపు పిల్లలకు దాశరథి రంగాచార్య పేరు తొలిసారి తగిలేది చాలాసార్లు గ్రూప్స్ గైడులోనే. తెలంగాణ రాష్ట్రం వచ్చాక పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షల్లో తెలంగాణ సాహిత్యం, సంస్కృతి కూడా సిలబస్‌లో చేరాయి. ‘చిల్లర దేవుళ్లు’ ఎవరు రాశారు, ‘ప్రజల మనిషి’ ఎవరిది, దేశోద్ధారక గ్రంథమాల ఎవరు పెట్టారు అంటూ బిట్లు వస్తాయి. వికారాబాద్‌లోనో హైదరాబాద్‌లోనో డిగ్రీ చదివే పిల్లలు రైల్లో, బస్సులో కూర్చుని ఈ పేర్లు వల్లె వేస్తారు. ఇది చూసి పెద్దవాళ్లు పెదవి విరుస్తుంటారు. విరవనక్కర్లేదు. పాఠకులు ఏ రచయిత దగ్గరికైనా ఏదో ఒక అడ్డదారినే చేరుకుంటారు. 1953లో అక్కినేని ‘దేవదాసు’ చూసి శరత్ నవలల కోసం వెతుక్కున్నవాళ్లు తెలుగునాట తక్కువేమీ కాదు. సినిమా దారైనప్పుడు బిట్టు మాత్రం ఎందుకు కాకూడదు?

మొదటి పుస్తకం ఎలా చేతికొచ్చిందన్నది పెద్ద విషయం కాదు. స్నేహితుడి గదిలో కనబడొచ్చు, మేష్టారు ఇవ్వొచ్చు, పరీక్ష కోసమే కొనొచ్చు. రచయిత మీద ఇష్టం కుదిరిందో లేదో తేలేది రెండో పుస్తకం దగ్గర. దాన్ని ఎవరూ తెచ్చి ఇవ్వరు, ఎవరికి వారే వెతుక్కోవాలి. ఇలా ఒక పుస్తకం పట్టుకుని ఇంకోదానికి, అక్కణ్ణుంచి మరోదానికి వెళ్లడానికి రంగాచార్య రచనలు చాలా అనువైనవి. ఆయన నవలలు విడివిడిగా చదివినా అర్థమవుతాయి, వరుసగా చదివితే ఒక ప్రాంతపు చరిత్ర అవుతాయి.

రంగాచార్య 1928 ఆగస్టు 24న చినగూడూరులో పుట్టారు. అప్పుడది వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. అన్న కృష్ణమాచార్య మహాకవిగా పేరు తెచ్చుకున్నారు. తమ్ముడు రంగాచార్య తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో ఉపాధ్యాయుడిగా, గ్రంథపాలకుడిగా పనిచేశారు. తర్వాత సికింద్రాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌లో 30 ఏళ్లకు పైగా ఉద్యోగం చేశారు. నిజాం పాలనను ముగించిన పోలీసు చర్య నాటికి ఆయనకు ఇరవై ఏళ్లు. అప్పటిదాకా కళ్లతో చూసినదాన్ని నవలగా రాసి పేరు తెచ్చుకునేసరికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ‘చిల్లర దేవుళ్లు’కు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, అది సినిమాగానూ వచ్చింది. నలభయ్యో ఏట అందుకున్న ఈ పేరును ఇప్పటి ఇరవై ఏళ్ల పాఠకులు గుర్తుపెట్టుకుంటే మంచిదే.

‘చిల్లర దేవుళ్లు’ చదవడం కష్టం కాదు. బతుకుతెరువు వెతుక్కుంటూ సంగీతం తెలిసిన సారంగపాణి తెలంగాణ పల్లెకు వస్తాడు. అతడు కొత్తవాడు కనుక దొర ఉండే గడీలోని ప్రతిదీ అతడికి వింతే. పాఠకుడూ అతడితో పాటే లోపలికి అడుగుపెడతాడు. దొర కూతురు మంజరి, అడబాపగా ఉన్న వనజ ఒకే కప్పు కింద ఉంటారు. చిన్న వయసులో చదివినవారికి ఇది ముందు ప్రేమకథలాగే కనబడుతుంది, తప్పేం లేదు. అయితే ‘అడబాప’ దగ్గర ఆగక తప్పదు. దొర బిడ్డ అత్తారింటికి వెళ్తుంటే తోడుగా పంపే దాసి ఆమె. చాకిరీ చేయడంతో పాటు ఆ ఇంటి మగవాళ్లకు లొంగి ఉండాలి. ఆమెకు పిల్లలు పుడితే వాళ్లకు తండ్రి పేరుండదు, ఆస్తి ఉండదు. ఇదంతా పాఠ్యపుస్తకంలో ‘నాటి సాంఘిక దురాచారాలు’ అనే శీర్షిక కింద ఒక వాక్యంలో ముగుస్తుంది. నవలలో వనజ మాట్లాడుతుంది, ఆశపడుతుంది, అలుగుతుంది. ఆ ఒక్క వాక్యం ఎంత తక్కువ చెప్పిందో అప్పుడు తెలుస్తుంది.

వెట్టి సంగతీ అంతే. కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, చాకలి బట్టలుతకాలి, మంగలి పిలవగానే రావాలి. అధికారి ఊరికి వస్తే బండి కట్టడం, కట్టెలు, నీళ్లు, కోళ్లు అన్నీ ఊరి నెత్తినే. కూలి అడిగితే తప్పు. నవలలో ఈ జాబితా ఎక్కడా జాబితాలా కనిపించదు. ఒకరి పేరు పిలుస్తారు, ఆ మనిషి చేతిలో పని వదిలేసి వస్తాడు. రంగాచార్య బలమంతా ఈ పిలుపులను రాయడంలో ఉంది. ఉపన్యాసాలు రాసినచోట ఆయన కాస్త తేలిపోతారు. కొన్ని పాత్రలు మనుషుల్లా మొదలై సభలో వక్తల్లా ముగుస్తాయి. ఇష్టపడ్డ రచయితలో ఈ లోపాన్ని కుర్ర పాఠకులు త్వరగానే పట్టేస్తారు. పట్టినా చదవడం ఆపరు. ఇష్టం గట్టిపడిందనడానికి ఇంతకంటే గుర్తు అక్కర్లేదు.

నవాబుపేట పాఠకుడికి ఈ నవల దగ్గరా అవుతుంది, దూరమూ అవుతుంది. దొర, పట్వారీ, మాలీపటేలు, పోలీసు పటేలు, వెట్టి, జుల్మానా అన్నవి ఇంట్లో తాతల నోట విన్న మాటలే. సంభాషణల్లో ఉర్దూ కలిసిన తెలంగాణ పలుకు చెవికి కొత్తగా ఉండదు. కానీ రంగాచార్య రాసిన పల్లె వరంగల్, ఖమ్మం వైపుది. అక్కడ పెత్తనం దేశ్‌ముఖులది. పడమటి వైపు కథ వేరు. వికారాబాద్‌కు ఆ పేరు పైగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా వల్ల వచ్చింది. ఈ చుట్టుపట్ల చాలా ఊళ్లు పైగాల కిందో, ఇతర జాగీర్ల కిందో, నిజాం సొంత ఖర్చుకు కేటాయించిన సర్ఫేఖాస్ కిందో ఉండేవి. 1949లో జాగీర్లు రద్దయ్యేవరకు శిస్తు వసూలు, కచేరీ, కొన్నిచోట్ల న్యాయవిచారణ కూడా జాగీరుదారు మనుషుల చేతిలోనే. తాండూరు దాటితే మాటలో కన్నడం కలుస్తుంది. సాయుధ పోరాటం నల్లగొండ, వరంగల్, ఖమ్మం వైపు రగిలినట్టు ఇక్కడ రగల్లేదు. కనుక నవాబుపేటలో కూర్చుని ‘చిల్లర దేవుళ్లు’ చదివేవారు, తమ ఊళ్లో గడీ ఎవరిది, శిస్తు ఎవరికి కట్టారు, తమ తాతలు వెట్టి ఎవరికి చేశారు అని ఇంట్లో అడుగుతారు. జవాబులు నవలలో ఉన్నట్టు రావు. రాకపోవడమూ మంచిదే, అక్కణ్ణుంచే సొంత ఊరి చరిత్ర మీద ఆసక్తి మొదలవుతుంది. పడమటి తెలంగాణ జాగీరు బతుకు మీద అంత పేరున్న నవల ఇంకా రాలేదన్న కొరతా అక్కడే తెలుస్తుంది.

రెండో పుస్తకం ‘మోదుగుపూలు’. మొదటి నవలలో జనం ఓర్చుకున్నారు, ఇందులో తిరగబడతారు. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తూటాలకు బలైన నాటి నుంచి 1951 అక్టోబరులో పోరాట విరమణ వరకు తెలంగాణ నడిచిన చరిత్రను పాఠకులు ఎక్కడో చదివే ఉంటారు. అంతవరకు నోరెత్తని మనిషి ఒక రోజు కర్ర ఎందుకు పట్టాడన్నది తేదీల్లో దొరకదు. దానికి ‘మోదుగుపూలు’ చదవాలి. మూడోది ‘జనపదం’. ఇది పోలీసు చర్య తర్వాతి కాలం. నిన్నటి దొరలు ఖద్దరు కట్టి, జెండా మార్చి, మళ్లీ ఊరి పెద్దలైన రోజులవి. ఈ మూడింట్లో కుర్రవాళ్లకు అన్నిటికంటే ఆలస్యంగా నచ్చేది ‘జనపదం’. అందులో ఆవేశం తక్కువ, రాజీలు ఎక్కువ. ఊరి సర్పంచి ఎన్నిక ఒకటి దగ్గరుండి చూసినవారికి మాత్రం మొదటిసారే నచ్చుతుంది.

ఇక్కడిదాకా వచ్చినవారు వెనక్కి కూడా వెళ్లాలి. రంగాచార్యకు ముందు ఈ దారి వేసినది వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నల్లగొండ జిల్లా చెరువుమాదారంలో పుట్టిన ఆయన చదువు సాగక ఉపాధ్యాయుడి ఇంట వంట చేశారు, హోటల్లో సర్వరుగా పనిచేశారు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టి, అచ్చువేసిన పుస్తకాలు తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. వోల్గా నది మీద స్టీమరు వంటింట్లో గిన్నెలు కడుగుతున్న గోర్కీ చేతిలో పుస్తకాలు పెట్టి చదివించినవాడు స్మూరీ అనే వంటవాడు. తెలంగాణలో చాలామందికి ఆళ్వారుస్వామి ఆ స్మూరీ అయ్యారు. తేడా ఏమిటంటే, ఈ వంటవాడు నవలలు కూడా రాశారు. ‘ప్రజల మనిషి’లో దిమ్మెగూడెం దొరకు ఎదురు నిలిచే కంఠీరవం ఒక్కసారిగా వీరుడైపోడు. చదువుకుంటూ, తిరుగుతూ, మెల్లగా తయారవుతాడు. అందువల్ల యువ పాఠకులు కంఠీరవంతో తొందరగా కలిసిపోతారు. 1948లో నిజామాబాద్ జైలులో ఆళ్వారుస్వామి, దాశరథి కృష్ణమాచార్య కలిసి ఉన్నారు. కృష్ణమాచార్య గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన జైలు అదే. 1961లో ఆళ్వారుస్వామి కన్నుమూసేసరికి రెండో నవల ‘గంగు’ అసంపూర్తిగా ఉండిపోయింది. ఆయన ఎత్తుకున్న తెలంగాణ కథను రంగాచార్య తన చేతుల్లోకి తీసుకున్నారు. ఒక రచయితను ఇష్టపడిన పాఠకుడు ఎంతదూరం వెళ్లగలడో చూడాలంటే రంగాచార్యే ఉదాహరణ.

తర్వాతిది ఆత్మకథ ‘జీవనయానం’. నవలల వెనక ఉన్న ఇల్లు, ఆచారం, పేదరికం, పోరాటం అన్నీ అందులో ఉంటాయి. ‘మాయ జలతారు’, ‘అమృతంగమయ’, ‘శరతల్పం’ వంటివి ఎవరి అభిరుచిని బట్టి వారు చదువుకోవచ్చు, వరుస అక్కర్లేదు.

చివరికి వచ్చేసరికి యువ పాఠకులను తికమకపెట్టేది ఒకటుంది. కమ్యూనిస్టు పోరాటాన్ని అంత ప్రేమగా రాసిన మనిషి మలివయసులో నాలుగు వేదాలను తెలుగులోకి తెచ్చారు. రామాయణ, భారతాలను తెలుగు వచనంలో రాశారు. ఇదేం మార్పు అని కొందరు ముఖం చిట్లిస్తారు, ఇదే అసలు రంగాచార్య అని ఇంకొందరు సంబరపడతారు. రెండూ తొందరపాటే. శ్రీవైష్ణవ ఇంట పుట్టి, వేదం వింటూ పెరిగి, ఆ ఇంటి ఆచారాలతో తగవుపడిన మనిషి ఆయన. వేదం కొందరి సొత్తుగా ఉండకూడదని దాన్ని మామూలు తెలుగులో పెట్టడం, గడీ గుట్టును మామూలు తెలుగులో పెట్టడం ఒకే చేయి చేసిన పనులు. ఒప్పుకోనివారు ఒప్పుకోకపోవచ్చు. ఆ వాదన పెట్టుకునే హక్కు మాత్రం రెండు రకాల పుస్తకాలూ తెరిచినవారికే ఉంటుంది. రంగాచార్య 2015 జూన్ 8న మరణించారు. నివాళి వ్యాసాల్లోనూ చాలామంది ఆయన్ను చెరో సగం పంచుకున్నారు.

పుస్తకాలు దొరకడం మాటకొస్తే, మండల కేంద్రాల్లో పుస్తకాల షాపంటే నోటుబుక్కులు, గైడ్లు, పెన్నులే. నవల కావాలంటే హైదరాబాద్ పోవాల్సిందే. వికారాబాద్ వైపు నుంచి వచ్చే రైలు దిగి నాంపల్లి నుంచి నడిస్తే ఆబిడ్స్ దూరం కాదు. ఆదివారం అక్కడ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. కాచిగూడలో నవోదయ ఉంది, విశాలాంధ్ర వారసత్వంగా వచ్చిన నవచేతన దుకాణాలున్నాయి, ఏటా పుస్తక ప్రదర్శన జరుగుతుంది. ‘చిల్లర దేవుళ్లు’ ఎక్కువసార్లు అచ్చయింది కనుక తేలిగ్గా దొరుకుతుంది. ‘జనపదం’ కోసం రెండు మూడు చోట్ల అడగాల్సి రావచ్చు. ‘గంగు’ కోసం ఇంకొంచెం ఎక్కువే తిరగాలి.