బండికీ, మనిషికీ ఒకే వీధి

ఒక చేత్తో కూరల సంచి, ఇంకో చేత్తో పిల్లవాడి చెయ్యి పట్టుకుని బజారు వీధిలో నడవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. వెనకనుంచి ఆటో హారను, ముందునుంచి స్కూటరు. ఫుట్‌పాత్ ఉన్నచోట దానిమీద కొట్టు సామాను. ఎవర్నడిగినా "రోడ్డు వెడల్పు చేస్తేగాని లాభం లేదు" అంటారు. వెడల్పు ఒక్కటే మందు కాదని చూపించిన చోటు ఒకటుంది. ఈ వారం దాని గురించి చెప్పుకుందాం.

మా పిన్ని కూతురు కెనడాలో, వాంకూవర్‌లో ఉంటోంది. అక్కడ గ్రాన్‌విల్ ఐలండ్ మార్కెట్లో కూరలు కొంటుందట. "అక్కా, అక్కడ చాలా వీధుల్లో వేరే ఫుట్‌పాతే లేదు. మనుషులు, సైకిళ్ళు, కార్లు, లారీలు అన్నీ ఒకే నేలమీద. అయినా భయం వెయ్యదు" అంది. ఫుట్‌పాత్ లేకపోతే భయం ఎందుకు వెయ్యదు? తెలుసుకుందామనిపించింది.

ఫాల్స్ క్రీక్ అనే సముద్రపు పాయ అడుగునుంచి మట్టి తోడి పోసి, 1916 నాటికి ఆ దిబ్బని తయారుచేశారు. ఫ్యాక్టరీల కోసమే. గొలుసులు, మేకులు, ఇనప తాళ్ళు అక్కడ తయారయ్యేవి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పరిశ్రమలు ఒక్కొక్కటే తగ్గిపోయి, చోటు పాడుబడింది. 1970లలో కేంద్ర ప్రభుత్వపు గృహనిర్మాణ సంస్థ దాన్ని చేతిలోకి తీసుకుంది. పాత రేకుల షెడ్లు చాలావరకు అలాగే ఉంచి, 1979లో వాటిలో పబ్లిక్ మార్కెట్ తెరిచారు. సిమెంటు కాంక్రీటు ఫ్యాక్టరీని కూడా వెళ్ళగొట్టలేదు. దాని లారీలు ఈనాటికీ అదే వీధుల్లో తిరుగుతాయి.

వీధులకి చేసింది మాత్రం ఆలోచించదగ్గది. రోడ్డుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య ఉండే గట్టు తీసేసి, ఈ గోడనుంచి ఆ గోడదాకా నేలంతా ఒకే మట్టంగా పరిచారు. పాత రైలు పట్టాలు అక్కడక్కడా నేలలోనే ఉంచేశారు. అవసరమైనచోట కొయ్య స్తంభాలు పాతారు. దాంతో డ్రైవరుకి "ఈ భాగం నాది" అనే ధీమా పోయింది. ఎదురుగా ఎవరొస్తున్నారో కళ్ళలోకి చూసి, మెల్లిగా పోవాల్సిందే. అసలు కిటుకు అదన్నమాట. బండి వేగం రెట్టింపైతే, బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. వేగం తగ్గితే మనిషి ప్రాణం నిలుస్తుంది.

అలాగని గట్టు తీసేస్తే అన్నిచోట్లా మంచిదే అనుకోకండి. చూపులేనివారు కర్రతో గట్టుని తడిమే దారి తెలుసుకుంటారు. అది లేకపోతే ఎక్కడ నడుస్తున్నారో వాళ్ళకెలా తెలుస్తుంది? బ్రిటన్‌లో ఈ గొడవ పెద్దదై, 2018లో అక్కడి ప్రభుత్వం ఇలాంటి ఒకే మట్టపు వీధుల కొత్త పనులు ఆపి ఉంచమని స్థానిక సంస్థల్ని కోరింది. బళ్ళు నెమ్మదిగా పోయే చిన్న వీధుల్లో ఈ పద్ధతి సరే. బస్సులు, లారీలు దూసుకుపోయేచోట ఫుట్‌పాత్ విడిగా ఉండాల్సిందే.

మన దేశంలో దానికీ లెక్క ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాల ప్రకారం, ఏ అడ్డూ లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్లు, అంటే ఇంచుమించు ఆరడుగులు వదలాలి. గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. జానెడుకి తక్కువే! మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు ఎక్కగలిగే ఎత్తు అది. మన ఊళ్ళల్లో ఎన్నిచోట్ల ఉందంటారు?

కుట్టుమిషను సొరుగులో టేపు ఉంటుంది కదా. ఓ సాయంత్రం పక్కింటావిడని తోడు తీసుకుని మీ వీధి కొలవండి. స్తంభం, చెత్తకుండీ, నిలిపిన స్కూటరు పోను నడవడానికి ఎంత మిగిలిందో కాగితంమీద రాయండి. పదిమంది సంతకాలు పెట్టి మునిసిపాలిటీలో ఇచ్చి, అందినట్టు రసీదు అడిగి తీసుకోండి. "నడవలేకపోతున్నాం" అంటే సానుభూతి చూపించి పంపేస్తారు. "ఆరడుగులు ఉండాల్సినచోట రెండడుగులే ఉంది" అని రాసిస్తే జవాబు చెప్పక తప్పదు.