ఖమ్మంలో జరిగిన తప్పు టీకాది కాదు

మా అల్లవరం వైపు ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా మాట ఎత్తితే ఒకే జవాబు వస్తోంది: "అది పైదేశాలవాళ్లు మన పిల్లల మీద చేసే ప్రయోగం. ఖమ్మంలో వేయించుకున్న పిల్లలు చచ్చిపోలేదా?" ఫోన్లలో తిరిగే ఈ మాటను చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నారు. దీన్ని ఖండించి తీరాలి.

ఖమ్మంలో తప్పు జరిగింది, కాదనను. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, భారత వైద్య పరిశోధన మండలి, పాత్ అనే అమెరికా సంస్థ కలిసి ఆ జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేలమందికి ఈ క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్‌పీవీ టీకా వేయించాయి. వారిలో భద్రాచలం వైపు హాస్టళ్లలో చదివే గిరిజన పిల్లలూ ఉన్నారు. తర్వాత తీసి చూసిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. కన్నవాళ్లను అడగకుండా పిల్ల చేతికి సూది గుచ్చే హక్కు ఏ వార్డెన్‌కూ లేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం పాత్‌నూ, పరిశోధన మండలినీ తీవ్రంగా తప్పుపట్టింది. అది న్యాయమే.

కానీ టీకా వల్ల పిల్లలు చనిపోయారన్నది అబద్ధం. ఖమ్మంలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. నీళ్లలో మునిగి, పాము కరిచి, పురుగుమందు తాగి, జ్వరాల పాలై పోయినవాళ్లు వాళ్లు. ఈ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు.

ఆ గొడవతో 2010 ఏప్రిల్‌లో దేశంలో హెచ్‌పీవీ టీకా అధ్యయనాలన్నీ ఆగిపోయాయి. వాటిలో ఒకటి, ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మన వైద్యులతో కలిసి నడుపుతున్నది. మూడు డోసులు కావాలా, రెండు చాలా అని తేల్చుకోవడం దాని ఉద్దేశం. హైదరాబాద్ పక్కనున్న మేడ్చల్ కూడా అందులో ఒక కేంద్రం. అర్ధాంతరంగా ఆగడంతో దాదాపు అయిదు వేలమంది అమ్మాయిలకు ఒక్క డోసే పడింది. వైద్యులు వాళ్లను వదిలెయ్యకుండా ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. ఈ క్యాన్సర్‌కు ముఖ్య కారణమైన రెండు రకాల వైరస్ ఒంట్లో పాతుకుపోకుండా ఒక్క డోసే 95 శాతం దాకా కాపాడుతోందని 2021లో తేలింది. కోస్టారికా, కెన్యా ఫలితాలు కూడా తోడయ్యాయి. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసుకు ఒప్పుకుంది. పేద దేశాలకు టీకా ఖర్చు తగ్గిందంటే అందులో మన ఆడపిల్లల పాలు ఉంది. దీన్నా దోపిడీ అంటారు?

ఇప్పుడు ఈ టీకా మన దేశంలో, పుణెలో కూడా తయారవుతోంది. 2024 సెప్టెంబరులో అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో కూర్చుని, ఇండో-పసిఫిక్ దేశాలకు నాలుగు కోట్ల డోసులు ఇస్తామని ప్రకటించింది మన దేశమే.

ఇలా పైదేశాలవాళ్లతో కలిసి పనిచేయడం మనకు కొత్త కూడా కాదు. శ్రీకాకుళం జిల్లాలో ఆడవాళ్లు అడ్డపొగ తాగి, అంటే చుట్ట నిప్పుకొనను నోట్లో పెట్టుకుని, అంగిలి క్యాన్సర్ తెచ్చుకునేవాళ్లు. 1960లలో ముంబయి టాటా పరిశోధకులు, కోపెన్‌హాగన్ దంతవైద్యులు కలిసి అక్కడ 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, ఆ అలవాటు చేసే చేటును లెక్కలతో ప్రపంచం ముందు పెట్టారు.

కాబట్టి ఆరోగ్య శాఖకు ఒక డిమాండ్: తెలుగులో రాసిన అనుమతి పత్రం ముందురోజే ఇంటికి పంపండి, అడిగినదానికి జవాబు చెప్పండి. తల్లిదండ్రులకు మనవి: ఆ పత్రం చదవండి, చదవలేకపోతే చదివించుకోండి, సందేహాలన్నీ ఏఎన్‌ఎంను అడగండి, ఆ తర్వాత సంతకం మీరే పెట్టండి. ముప్పై దాటిన తల్లులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకోండి. టీకా కూతురికి, పరీక్ష తల్లికి, రెండూ కావాలి.