గూఢచారి 117ను చూసి నవ్వుకున్న



పోయిన వారం ఒక ఫ్రెంచి గూఢచారి కామెడీ చూసిన అని హాస్టల్‌లో చెబితే, సీనియర్ అన్న ఒకాయన కోపం చేసిండు. "గ్రూప్స్‌కు చదువుకోమంటే ఈ చెత్త సినిమాలా? మన బతుకుల మీద తీసినవి చూడు" అన్నడు. అన్న మాట తీసిపారేసేది కాదు. కానీ నాకు ఆ చెత్తలోనే మన బతుకు కనబడ్డది.

సినిమా ‘ఓఎస్ఎస్ 117: కైరో, నెస్ట్ ఆఫ్ స్పైస్’. 2006లో వచ్చింది. ఇందులో చేసిన జాఁ ద్యుజార్దాఁకే తర్వాత ‘ది ఆర్టిస్ట్’కు ఉత్తమ నటుడి ఆస్కార్ వచ్చింది. ఈ 117 జేమ్స్‌బాండ్ కన్నా ముందు పుట్టినోడు. జాఁ బ్రూస్ 1949లోనే ఇతని మీద నవలలు మొదలుపెట్టిండు, బాండ్ నవల వచ్చింది 1953లో. మనోళ్లూ తక్కువ తినలే: కృష్ణ ‘గూఢచారి 116’ 1966లో, ‘గూఢచారి 117’ 1989లో.

కథ 1955 నాటి కైరోలో. హీరో సూటూబూటూ వేసుకున్న మొద్దు. తెల్లారగట్ల అజా వినబడితే నిద్ర చెడిందని మినార్ ఎక్కి ఆయనతో కొట్లాటకు దిగుతడు. సూయజ్ కాలువ నాలుగు వేల ఏండ్ల కింద తవ్విన్రని మెచ్చుకుంటడు (1869లో తెరిచిన్రు!). హోటల్ పిలగానికి టిప్పు కింద పైసలియ్యడు, ఫ్రాన్స్ ప్రెసిడెంటు ఫోటో ఇస్తడు.

ఆ ఫోటో కాడ నేను పడీ పడీ నవ్విన. ఎందుకంటే మా మొగుడంపల్లి దిక్కు తాండకు ఒక పెద్దసారు వచ్చినప్పుడు మేం మంచినీళ్లు అడిగితే, తన ఫోటో ఉన్న క్యాలెండర్లు పంచిపోయిండు. "అడవిలో ఏం తింటరు మీరు?" అని కూడా అడిగిండు. చుట్టూ చెరుకు తోటలు, అడవి ఏడున్నది సారూ?

మన సినిమాల్లో ఇదే సీను తిరగేసి తీస్తరు. హీరో కోయదొర వేషం కడితే కామెడీ, లంబాడీ బట్టలేసి ఆడిస్తే పాట. నవ్వు ఎప్పుడూ మన మీదనే. ఇక్కడ మాత్రం వచ్చినోడి మీద. కైరో పిల్ల లార్మినా అతని మాటలకు నోరెళ్లబెట్టి చూస్తది చూడు, ఆ చూపు మా తాండలో అందరికీ వచ్చు.

అంతా బాగుందని అనను. చివర్ల ఇద్దరు ఆడోళ్లు బట్టలు చిరిగేటట్టు కొట్టుకుంటుంటే హీరో చూసి మురిసే సీను నాకు నచ్చలే. ఎగతాళికే తీసిన్రంటరు గానీ, కెమెరా కూడా మురిసినట్టే ఉన్నది.

అన్నట్టు, గూఢచారికి సరిహద్దు దాటాలంటే దొంగ పాస్‌పోర్టు కావాలె. మా బంధువులు బీదర్ దిక్కు పోతే చాలు, ఇక్కడ ఎస్టీ అయినోళ్లు అక్కడ ఎస్సీ. దాని మీద ఎవరన్నా కామెడీ తియ్యాలె.

ఇంటికి పోయినప్పుడు మా యాడికి ఒక్క సీను చూపెట్టిన. కోళ్ల కంపెనీలో హీరో లైటు వేస్తడు, కోళ్లన్నీ అరుస్తయి. ఆర్పుతడు, గప్‌చుప్. మళ్ల వేస్తడు. భాష ఒక్క ముక్క తెల్వదు, ఆమె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "వీడికి గవర్నమెంటు జీతమా?" అని అడిగింది.

అన్నా, ఆదివారం మా రూముకు రా. సినిమా నా ఫోన్లనే ఉన్నది. పాలిటీ పుస్తకం నువ్వు తెచ్చుకో.