వెన్నముద్ద సరే, మా గుండ్ల మాటేమిటి?

కోల్‌కతాలోని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి,

వేలూరు జిల్లా గుడియాత్తం నుంచి రాస్తున్నాను. మా ఊరివాళ్లకు సముద్రం మీద మనసైతే వేలూరు, కాంచీపురం, చెంగల్పట్టు మీదుగా మహాబలిపురం పోతాం. పెద్దవాళ్లు పంచరథాలనీ తీరం గుడినీ చూస్తారు. పిల్లలు మాత్రం కృష్ణుడి వెన్నముద్ద దగ్గరే ఆగిపోతారు. ఇరవై అడుగుల ఎత్తు, 250 టన్నులు ఉంటుందనే బండ అది. ఏటవాలు రాతి మీద ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపడేలా ఉంటుంది. దాని కింద భుజం ఆనించి, తామే ఆపుతున్నట్టు ఫొటో దిగనివాళ్లు ఉండరు. నేనూ దిగాను.

ఆ బండ ఆలనాపాలనా పురావస్తు శాఖది. 2019 అక్టోబరులో మోదీ, షీ జిన్‌పింగ్ దాని ముందు ఫొటో దిగాక, అంతవరకూ ఊరికే చూసిన రాయికి 40 రూపాయల టికెట్ పెట్టారు. డబ్బుతో నాకు పేచీ లేదు, కాపలా అంటే ఖర్చే. నా పేచీ అక్కడ వినిపించే కథలతో. కృష్ణుడు దొంగిలించిన వెన్న, దాన్ని కదిలించలేకపోయిన పల్లవ రాజుల ఏనుగులు, 1908లో గవర్నరు ఆర్థర్ లాలీ ఏడు ఏనుగులతో లాగించినా కదల్లేదన్న మాట. అన్నీ కదలకపోవడం గురించే. అంత గుండ్రంగా ఎలా అయిందని మా పిల్ల ఒకతి అడిగితే గైడు దేవుడి మహిమ అనేసి పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

జవాబు మాతోపాటే బస్సులో వచ్చింది. మా వైపు రాయి కొట్టే వడ్డెర్లు ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. వాళ్లలో ఒక పెద్దాయన పిల్లలందర్నీ బండ వెనక్కి తీసుకెళ్లాడు. వెనకనుంచి చూస్తే అది ముద్ద కానే కాదు, ఒక పక్క చెక్కు ఊడిపోయి ఉంటుంది. ఆయన ఆ అంచు మీద అరచేయి పెట్టి నెమ్మదిగా జరిపాడు. పగులు ముందే ఉందనీ, అందులోకి నీళ్లు దిగి ముక్క జారిపోయిందనీ చెప్పాడు. తను ఉలితో వరసగా గుంటలు తొలిచి ఇనుప చీలలు దిగ్గొట్టి చేసే పనే ఇక్కడ వాన చేసిందన్నాడు.

మీ శాస్త్రం చెప్పేదీ దాదాపు అదే కదండీ. భూమి లోతుల్లో పుట్టిన రాయి, పైబరువు అరిగిపోయేకొద్దీ పగుళ్లు తీస్తుంది. పగుళ్లలో దిగిన నీరు మూలల్ని అన్ని వైపులనుంచీ తింటుంది కాబట్టి అవే ముందు చివుకుతాయి, నడుమ గట్టి గుండు మిగులుతుంది. చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోతే అది బయటపడుతుంది. అడుగున ఆనుకునే చోటు చిన్నదే అయినా బరువు నేరుగా దాని మీదే దిగుతుంది, రాపిడి జారనివ్వదు.

మీరు గుర్తించిన భూవారసత్వ స్థలాల్లో తమిళనాడువి నాకు తెలుసు. తిరువక్కరై, సాత్తనూరుల్లో రాయిగా మారిన మానులు, కారై ఎర్రనేలలు, సెయింట్ థామస్ మౌంట్‌లోని చార్నొకైట్ అనే రాయి. చివరిదానికి మీ సంస్థలోనే పనిచేసిన హాలండ్ దొరగారు కలకత్తాలోని జాబ్ చార్నాక్ సమాధిరాయిని చూసి పేరు పెట్టారు. సమాధిరాయికి దక్కిన గౌరవం కొండమీది గుండుకు ఎందుకు దక్కకూడదు? మా పక్కనే తిరుమల శిలాతోరణం మీ పట్టికలో ఉంది. విశాఖ ఎర్రమట్టి దిబ్బలు కూడా ఉన్నాయి. అవీ తిరుమల కొండలూ 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. వెన్నముద్దకు మాత్రం మీ పట్టికలో చోటు లేదు. 1984లో యునెస్కో మహాబలిపురాన్ని మెచ్చింది పల్లవుల ఉలిపనికి. ఉలి తగలని రాయిని మీరు కాక ఇంకెవరు చూస్తారు?

అసలు సంగతి ఇది. వేలూరు, గుడియాత్తం చుట్టుపక్కల గుట్టల నిండా దాని తోబుట్టువులే. ఒకదాని మీద ఒకటి, పడీ పడనట్టు. వాటికి కృష్ణుడూ లేడు, టికెట్టూ లేదు. వెన్నముద్దకు ఏడు ఏనుగులు చాలలేదంటారు, మా గుండుకు ఒక కంప్రెసరూ నాలుగు తూటాలూ చాలు. మర్నాటికి క్రషరులో జల్లి అయి లారీ ఎక్కుతుంది. క్వారీలన్నీ మూయమని నేననను. నా ఇంటి పునాదిలో ఉన్నదీ ఆ రాయే, ఆ పెద్దాయన పిల్లల్ని చదివించిందీ ఆ రాయే. ఏది కొట్టాలో చెప్పే లెక్క ఉంది, ఏది వదలాలో చెప్పే లెక్కే లేదు.

భూవారసత్వ స్థలాల ముసాయిదా బిల్లు మీద 2022 డిసెంబరులో గనుల శాఖ ప్రజల అభిప్రాయాలు అడిగింది. గడువు దాటినా నాది ఇదనుకోండి. వెన్నముద్దను మీ పట్టికలో చేర్చండి. పురావస్తు శాఖతో మాట్లాడి, అది గుండ్రంగా ఎలా అయిందో తమిళంలోనూ తెలుగులోనూ పిల్లలకు అర్థమయ్యేలా అక్కడ బోర్డు పెట్టించండి. తర్వాత మీ మనుషుల్ని మా గుట్టలకు పంపండి. రాయి కొట్టేవాళ్లను వెంటబెట్టుకుని తిరిగి, ఉంచాల్సిన గుండ్లకు సున్నంతో గుర్తు పెట్టమనండి. రోజుకూలి మాత్రం ఇప్పించండి, వాళ్లకు తెలిసింది మీ మ్యాపుల్లో దొరకదు.

జనవరిలో అయితే మేలు. మే నెలలో బండలు కాలిపోతుంటాయి, పైగా గంగమ్మ శిరసు పండగకు ఊరంతా గుడి దగ్గరే ఉంటుంది, కొండ చూపించేవాళ్లు దొరకరు.

ఇట్లు,
గుడియాత్తం నుంచి ఒక యాత్రికుడు